జౌల్, కెలోరీ, కిలోవాట్ గంట: మూడు నివేదికల అంకెలు ఎందుకు కలవడం లేదు?

#1 పట్టికలపని

సభ్యులందరికీ నమస్కారం. ఒకే కర్మాగారం ఒక సంవత్సరంలో వాడిన శక్తి గురించి మూడు బృందాలు విడివిడిగా రాసిన నివేదికలను ఒకే పట్టికలోకి తెచ్చే బాధ్యత నా మీద పడింది. మొదటి నివేదిక గిగాజౌళ్లలోను, రెండవది గిగాకెలోరీలలోను, మూడవది చమురు తుల్య టన్నులలోను (ఒక టన్ను చమురు కాలితే వచ్చే శక్తిని ప్రమాణంగా తీసుకున్న కొలత) ఉన్నాయి. అన్నింటినీ జౌళ్లలోకి మార్చితే మూడూ ఒకే చోటికి వస్తాయని అనుకున్నాను. కాని మూడు చోట్ల తేడా వస్తోంది.

ఆవిరి రూపంలో వాడిన ఉష్ణం రెండవ నివేదికలో 12,000 గిగాకెలోరీలుగా ఉంది. దానిని 4.184తో గుణిస్తే నాకు 50,208 గిగాజౌళ్లు వచ్చింది, మొదటి నివేదికలో మాత్రం అదే ఉష్ణం 50,242గా ఉంది. సహజ వాయువు విషయంలో మీటరు రీడింగు ఒక్కటే అయినా, మొదటి నివేదిక 18,000 గిగాజౌళ్లు అంటోంది, రెండవదానిని మార్చితే దాదాపు 19,970 వస్తోంది. ఇక బయటి నుంచి తీసుకున్న విద్యుత్తు 4,000 మెగావాట్ గంటలు. మూడవ నివేదికలోని ప్రధాన పట్టిక దానిని 344 చమురు తుల్య టన్నులుగా చూపితే, అదే నివేదిక అనుబంధం 905 అని చూపుతోంది. నా గుణకాలు తప్పా, లేక వారి అంకెలు తప్పా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

#2 ఆవిరిగది

పట్టికలపని గారూ, మీ మూడు తేడాలకు మూడు వేర్వేరు మూలాలు ఉన్నట్టు కనిపిస్తోంది కాబట్టి వాటిని ఒకే గాటన కట్టకుండా విడివిడిగా చూడటం మంచిది. ముందుగా ఆవిరి సంగతి చూద్దాం. 50,242ను 12,000తో భాగించి చూడండి, 4.1868 వస్తుంది. ఇది పొరపాటు అంకె కాదు, మరో కెలోరీ.

కెలోరీ అన్న ఒకే పేరుతో కనీసం రెండు కొలతలు నేటికీ వాడుకలో ఉన్నాయి. రసాయన శాస్త్రజ్ఞులు వాడే ఉష్ణరసాయన కెలోరీ కచ్చితంగా 4.184 జౌళ్లు. బాయిలర్లు, టర్బైన్లు, ఆవిరి గొట్టాల లెక్కలు చేసేవారు వాడే అంతర్జాతీయ ఆవిరి పట్టికల కెలోరీ కచ్చితంగా 4.1868 జౌళ్లు. రెండూ నిర్వచనాలే తప్ప కొలిచి తెచ్చిన విలువలు కావు గనుక, వాటిలో ఏది సరైనది అని అడగడానికి వీలు లేదు. నివేదిక రాసినవారు ఏది వాడారన్నదే అడగవలసిన ప్రశ్న.

4.1868 అన్న అంకె యథాలాపంగా వచ్చినది కాదు. దానిని 3.6తో భాగిస్తే సరిగ్గా 1.163 వస్తుంది, అంటే ఈ కెలోరీ ప్రకారం వెయ్యి కిలోకెలోరీలు సరిగ్గా 1.163 కిలోవాట్ గంటలు. చమురు తుల్య టన్నును కూడా దీని మీదే కట్టారు. ఒక చమురు తుల్య టన్ను పది గిగాకెలోరీలు, అంటే 41.868 గిగాజౌళ్లు, అంటే 11.63 మెగావాట్ గంటలు. మీ మూడవ నివేదిక చమురు తుల్య టన్నులలో ఉన్నది కనుక, పట్టిక మొత్తానికి 4.1868నే పట్టుకోండి.

#3 పాతకొలతలు

ఆవిరిగది గారు చెప్పినదానికి కొంత వెనుకటి కథ చేర్చాలని ఉంది, ఎందుకంటే ఇన్ని కెలోరీలు ఎందుకు పుట్టాయో తెలిస్తే మళ్లీ మరచిపోవడం కష్టం.

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం కెలోరీ అని మనం బడిలో చదువుకున్నాం. చిక్కు అంతా ఆ వాక్యంలోనే ఉంది. నీటి విశిష్టోష్ణం అన్ని ఉష్ణోగ్రతల దగ్గరా ఒకటి కాదు. సున్నా దగ్గర కాస్త ఎక్కువగా మొదలై, దాదాపు 35 డిగ్రీల వద్ద కనిష్ఠానికి దిగి, మళ్లీ పెరుగుతుంది. కాబట్టి ఏ డిగ్రీ నుంచి ఏ డిగ్రీకి అన్నది చెప్పనిదే ఆ నిర్వచనం పూర్తి కాదు. 14.5 నుంచి 15.5 డిగ్రీల వరకు తీసుకున్నవారి కెలోరీ దాదాపు 4.1855 జౌళ్లు, 20 డిగ్రీల దగ్గర తీసుకున్నవారిది దాదాపు 4.182. ఈ గందరగోళం నుంచి బయటపడటానికే కెలోరీని నీటితో తెగతెంపులు చేయించి జౌల్‌కు కట్టేశారు. ఆవిరి గుణాల మీద 1956లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం 4.1868ని నిర్ణయించింది. అంతకు ముందే 1948లో తూనికలు, కొలతల సర్వసభ్య సమావేశం ఉష్ణానికి కూడా జౌల్‌నే ప్రమాణంగా స్వీకరించింది.

అసలు ఉష్ణాన్ని, యాంత్రిక పనిని ఒకే ప్రమాణంలో కొలవవచ్చని నమ్మించడానికే జేమ్స్ ప్రెస్కాట్ జౌల్‌కు ఏళ్లు పట్టింది. బరువులు కిందికి దిగుతూ నీటిలోని తెడ్లను తిప్పేలా అమర్చి, ఆ నీరు ఎంత వేడెక్కిందో ఆయన కొలిచారు. ఫారన్‌హీట్ డిగ్రీలో 200వ వంతును చదవగలిగే ఉష్ణమాపకాలు ఆయన వద్ద ఉండేవి. 1850లో ప్రచురించిన విలువ ప్రకారం, ఒక పౌండు నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించడానికి 772 అడుగు పౌండ్ల పని కావాలి. నేటి విలువ దాదాపు 778. తెడ్లతో, దారాలతో, కప్పీలతో ఒక శాతం లోపు తేడాకు చేరుకోవడం తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. మన స్ప్రెడ్‌షీటులో ఒక గడిలో నిమిషంలో టైపు చేసే గుణకం అది.

తెలుగులో రాసేవారికి మరొక మాట. ఇంగ్లీషులో కిలోకెలోరీని సూచించడానికి కెలోరీ మాటలోని మొదటి అక్షరాన్ని పెద్దదిగా రాసే అలవాటు ఉంది. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం లేవు. అందువల్ల అనువాదంలో ఆ భేదం పోయి, వెయ్యి రెట్ల తేడా చడీచప్పుడు లేకుండా లోపలికి వచ్చేస్తుంది. ఆహార శక్తి గురించి చెప్పేటప్పుడు కిలోకెలోరీ అని పూర్తిగా రాయడమే క్షేమం.

#4 సూటిమాట

ఇదంతా ఆసక్తిగా ఉంది కాని, మొదటి తేడా 0.07 శాతం కూడా లేదు. ఆవిరి మీటర్లలోని దోషమే అంతకంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఇంత చిన్న విషయానికి ఇంత చర్చ అవసరమా? 4.2తో గుణించి ముందుకు వెళ్లిపోవచ్చు కదా.

#5 ఆవిరిగది

సూటిమాట గారూ, మీటరు దోషం గురించి మీరన్నది నిజమే, భౌతికంగా ఆ 34 గిగాజౌళ్లకు ప్రాధాన్యం లేదు. కాని పట్టికలపని గారి పని కొలవడం కాదు, సరిచూడటం. ఒకే రీడింగు నుంచి వచ్చిన రెండు అంకెలు కలవనప్పుడు ఆ చిన్న తేడాయే వేలిముద్రలా పనికొస్తుంది. నిష్పత్తి 1.00067 అయితే కెలోరీలు వేరని వెంటనే తెలుస్తుంది. 4.2తో గుణించి ఉంటే 50,400 వచ్చి, ఆ ఆధారం చెరిగిపోయేది. పైగా ఆ 34 గిగాజౌళ్లు దాదాపు 9,400 కిలోవాట్ గంటలు, లెక్కల పుస్తకంలో ఎవరో ఒకరు దానికి సంజాయిషీ అడుగుతారు.

ఇక రెండవ తేడాకు వద్దాం. 19,970ని 18,000తో భాగిస్తే 1.11 వస్తోంది. సహజ వాయువు దగ్గర ఈ నిష్పత్తి కనిపిస్తే నేను వేరే ఆలోచన పెట్టుకోను. కెలోరిఫిక్ విలువ అంటే ఇంత ఇంధనం కాలితే ఎంత ఉష్ణం వస్తుందో చెప్పే అంకె. ఒకరు స్థూల కెలోరిఫిక్ విలువను, మరొకరు నికర విలువను వాడారు.

మీథేన్ మండినప్పుడు నీరు కూడా పుడుతుంది. ఆ నీరు ఆవిరిగా పొగగొట్టం గుండా పోతే దాని గుప్తోష్ణం (నీరు ఆవిరి కావడానికి తీసుకున్న ఉష్ణం) మనకు దక్కదు, అది మినహాయించగా మిగిలినదే నికర విలువ. ఆ ఆవిరి ద్రవంగా మారి తన ఉష్ణాన్ని తిరిగి ఇచ్చిందనుకుంటే వచ్చేది స్థూల విలువ. ఇది కాగితం మీదే సరిచూసుకోవచ్చు. 16 గ్రాముల మీథేన్ నుంచి 36 గ్రాముల నీరు వస్తుంది, అంటే కిలోకు 2.25 కిలోలు. 25 డిగ్రీల వద్ద నీటి గుప్తోష్ణం కిలోకు దాదాపు 2.44 మెగాజౌళ్లు. రెండింటినీ గుణిస్తే 5.5 మెగాజౌళ్లు. మీథేన్ స్థూల విలువ కిలోకు దాదాపు 55.5, నికర విలువ దాదాపు 50.0, తేడా సరిగ్గా అదే. హైడ్రోజన్‌కు ఈ తేడా ఇంకా పెద్దది, కిలోకు దాదాపు 142, 120 మెగాజౌళ్లు. హైడ్రోజనే లేని శుద్ధ కార్బన్‌కు తేడాయే ఉండదు.

కాబట్టి ఇక్కడ మీరు చేసిన ప్రమాణాల మార్పిడిలో తప్పేమీ లేదు. గిగాకెలోరీ నుంచి గిగాజౌల్‌కు సక్రమంగానే వచ్చారు. ఘనపు మీటర్ల నుంచి శక్తికి వెళ్లే మెట్టు మీద మాత్రం వారిద్దరూ రెండు దారులు పట్టారు.

#6 పట్టికలపని

ఆవిరిగది గారికి, పాతకొలతలు గారికి కృతజ్ఞతలు. ఆవిరి అంకెలన్నీ 4.1868తో మళ్లీ లెక్కించాను, చివరి అంకె వరకు కలిశాయి. వాయువు విషయంలో రెండవ నివేదిక ‘స్థూల’ అన్న మాటను ఒక చోట వాడింది, మొదటిది ఏమీ చెప్పలేదు. మూడవ తేడా మాత్రం ఇంకా అంతుపట్టడం లేదు. 4,000ను 11.63తో భాగిస్తే 343.9 వస్తోంది, అంటే 344 సరైనదే. మరి 905 ఎక్కడి నుంచి వచ్చింది?

#7 ఇంధనలెక్క

ఇలాంటి పట్టికలతో చాలా కాలం పని చేసినవాడిగా ఈ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. 344ను 905తో భాగించండి, 0.38 వస్తుంది.

విద్యుత్తులో ఉన్న శక్తిని ఉన్నది ఉన్నట్టుగా చమురు తుల్యంలోకి మార్చితే 344 వస్తుంది. అంత విద్యుత్తును ఒక ఉష్ణ విద్యుత్ కేంద్రంలో ఉత్పత్తి చేయడానికి ఎంత ఇంధనం కాల్చాలి అని అడిగితే, ఆ కేంద్రం దక్షత 38 శాతం అనుకున్నప్పుడు 905 వస్తుంది. మొదటిది ప్రమాణాల మార్పిడి. రెండవది ప్రమాణాల మార్పిడి వేషం వేసుకున్న ఒక ఊహ. ఊహ అన్నానని తప్పుపట్టినట్టు కాదు, ప్రాథమిక శక్తిని, అంటే విద్యుత్తుగా మారక ముందు మూల ఇంధనంలో ఉన్న శక్తిని, లెక్కించేటప్పుడు అది అవసరమే. అయితే ఊహ ఏమిటో పక్కనే రాయాలి. జాతీయ స్థాయి గణాంకాలలో కూడా అణు విద్యుత్తుకు 33 శాతం దక్షతను ఊహించి మూడు రెట్ల ప్రాథమిక శక్తిని చూపుతూ, జల విద్యుత్తును మాత్రం ఉన్నది ఉన్నట్టుగా లెక్కించే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. అలాంటి పట్టికను పైపైన చూసేవారికి, రెండూ సమానంగా విద్యుత్తు ఇచ్చినా, ఒకటి మరొకదానికి మూడింతలుగా కనిపిస్తుంది.

నేను పాటించే పరీక్ష ఒకటుంది. మార్చిన అంకెను వెనక్కి మార్చి చూడండి. ప్రమాణాల మార్పిడి అయితే ఏమీ కోల్పోకుండా బయలుదేరిన చోటికే తిరిగి వస్తారు, ఎందుకంటే మీరు చేసినదల్లా ఒకటితో గుణించడమే. సాంద్రత, వోల్టేజీ, దక్షత, కెలోరిఫిక్ విలువ వంటి మరొక రాశిని తెలుసుకోకుండా వెనక్కి రాలేకపోతే, మీరు చేసింది వేరే పని.

#8 కొత్తచేరిక

పెద్దలు క్షమించాలి, నా ప్రశ్న చాలా ప్రాథమికమైనది. కిలోవాట్, కిలోవాట్ గంట రెండింటినీ చాలా చోట్ల ఒకదాని బదులు మరొకటి రాస్తున్నారు. ‘గంటకు ఇన్ని కిలోవాట్లు’ అని కూడా చదివాను. అలాగే నా ఫోనుకు వాడే పవర్ బ్యాంకు మీద 10,000 మిల్లీ ఆంపియర్ గంటలు అని ఉంది. దానిని శక్తి ప్రమాణాలలోకి మార్చడం ఎలా?

#9 ఘటమాల

కొత్తచేరిక గారూ, క్షమాపణ ఎందుకు, చాలామందికి ఉన్న సందేహమే ఇది. నిత్య వ్యవహారంలో శక్తి, బలం, సామర్థ్యం అన్న మాటలను మనం ఇంచుమించు ఒకే అర్థంలో వాడతాం. భౌతికశాస్త్రం వాటిని మూడు వేర్వేరు రాశులకు పంచి ఇచ్చింది, తికమక చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. వాట్ సామర్థ్యానికి ప్రమాణం, అంటే సెకనుకు ఒక జౌల్ చొప్పున శక్తి ప్రవహించే వేగం. కాలం అందులోనే ఇమిడి ఉంది కనుక ‘గంటకు ఇన్ని కిలోవాట్లు’ అంటే శక్తి అని అర్థం రాదు, సామర్థ్యం ఎంత త్వరగా మారుతోందన్న అర్థం వస్తుంది. ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు ప్రవహిస్తే పోగయ్యే శక్తి కిలోవాట్ గంట: 1,000 × 3,600 = 36 లక్షల జౌళ్లు. ఇది ఎంత పెద్ద మొత్తమో చెప్పాలంటే, నష్టాలు లేవనుకుంటే, వెయ్యి కిలోల బరువును దాదాపు 367 మీటర్ల ఎత్తుకు లేపడానికి సరిపోతుంది.

మిల్లీ ఆంపియర్ గంట అసలు శక్తి ప్రమాణమే కాదు, అది విద్యుదావేశానికి ప్రమాణం. ఇంధనలెక్క గారు చెప్పిన ‘మరొక రాశి’ ఇక్కడ వోల్టేజీ. పవర్ బ్యాంకు లోపలి లిథియం ఘటం నామమాత్రపు వోల్టేజీ సాధారణంగా 3.7 కాబట్టి 10 × 3.7 = 37 వాట్ గంటలు, అంటే 133 కిలోజౌళ్లు. బయటకు వచ్చేది 5 వోల్టుల వద్ద కనుక, నష్టాలు ఏమీ లేకపోయినా 37ను 5తో భాగిస్తే 7,400 మిల్లీ ఆంపియర్ గంటలే వస్తాయి. ఫోనుకు పదివేలు అందలేదని నిరాశపడేవారు ఈ భాగహారాన్ని ఒకసారి చేసి చూడాలి. విమానంలో వెంట తీసుకెళ్లే బ్యాటరీలకు 100 వాట్ గంటల పరిమితిని శక్తిలోనే పెట్టడానికి కారణం కూడా ఇదే, ఆవేశం ఒక్కటే తెలిస్తే లోపల ఎంత శక్తి ఉందో చెప్పలేం.

#10 అణువులలెక్క

మీరంతా గిగాజౌళ్లలో మాట్లాడుతుంటే నేను రెండవ కొసన ఉన్నాను. వర్ణపట శాస్త్రంలో ఒకే శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులలో, మోల్‌కు కిలోజౌళ్లలో, సెంటీమీటరుకు తరంగ సంఖ్యలో, ఒక్కోసారి కెల్విన్‌లలో కూడా చెబుతారు. ఇక్కడ కూడా అదే పరీక్ష పనిచేస్తుంది, కాని రెండు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది, ఒక్క కణానికా, ఒక మోల్‌కా అన్నది. ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే 1.602176634 × 10⁻¹⁹ జౌళ్లు, మోల్ మొత్తానికి చూస్తే 96.485 కిలోజౌళ్లు. ఈ 96,485 విద్యుద్విశ్లేషణ పాఠంలో వచ్చే ఫారడే స్థిరాంకమే. అది కాకతాళీయం కాదు, ఎలక్ట్రాన్ ఆవేశాన్ని అవగాడ్రో సంఖ్యతో గుణిస్తే వచ్చేది అదే మరి. 2019 మే 20న కొత్త నిర్వచనాలు అమలులోకి వచ్చినప్పటి నుంచి ఆవేశం, అవగాడ్రో సంఖ్య, ప్లాంక్ స్థిరాంకం, బోల్ట్స్‌మన్ స్థిరాంకం నాలుగూ కచ్చితమైన విలువలు అయ్యాయి. అంతకు ముందు ఎలక్ట్రాన్ వోల్ట్‌ను జౌల్‌లోకి మార్చే ప్రతిసారీ ఒక చిన్న ప్రయోగ దోషం కూడా వెంట వచ్చేది, ఇప్పుడు అది లేదు. క్వాంటం రసాయన శాస్త్రంలో వాడే హార్ట్రీ అనే శక్తి ప్రమాణానికి మాత్రం ఆ భాగ్యం ఇంకా కలగలేదు. దాదాపు 27.2114 ఎలక్ట్రాన్ వోల్టులైన దాని విలువ నేటికీ కొలత మీదే ఆధారపడి ఉంది.

రెండవది తరంగదైర్ఘ్యం. నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో 1239.84ను భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది, 500 నానోమీటర్లకు 2.48. ఇది విలోమ సంబంధం కనుక, వర్ణపటంలోని గీత స్థానాన్ని మార్చినట్టే గీత వెడల్పును మార్చకూడదు. 500 నానోమీటర్ల వద్ద ఒక నానోమీటరు వెడల్పు దాదాపు 0.00496 ఎలక్ట్రాన్ వోల్టులు, 1,000 వద్ద అదే వెడల్పు 0.00124, అంటే నాలుగో వంతు మాత్రమే. ఒక పరిశోధన బృందంలో ఉన్నప్పుడు నేను వెడల్పును కూడా ఆ సూత్రంలోనే పెట్టి రెండు వారాల లెక్కను తిరిగి చేయవలసి వచ్చింది.

#11 సూటిమాట

నా మొదటి వ్యాఖ్యను వెనక్కి తీసుకుంటున్నాను, చిన్న తేడాను ఆధారంగా వాడుకోవచ్చన్న ఆలోచన నాకు తట్టలేదు. ఒక సందేహం మాత్రం ఉంది. టార్క్‌ను, అంటే బలం ఒక వస్తువును తిప్పే ప్రభావాన్ని, న్యూటన్ మీటర్లలో కొలుస్తాం, జౌల్ కూడా న్యూటన్ మీటరే. అయితే టార్క్‌ను జౌళ్లలోకి మార్చవచ్చా?

#12 ఇంధనలెక్క

మితులు, అంటే ప్రమాణాల కూర్పు, ఒకటైనంత మాత్రాన రాశులు ఒకటి కావు. బలం తాను లాగిన దిశలోనే దూరం సాగితే పని జరుగుతుంది. టార్క్‌లోని దూరం బలానికి అడ్డంగా ఉండే భుజం పొడవు. బోల్టు తిరగకుండా బిగుసుకుని ఉన్నప్పుడు టార్క్ ఎంత ఉన్నా పని సున్నా. తిరిగితే, తిరిగిన కోణాన్ని రేడియన్లలో తీసుకుని టార్క్‌తో గుణించినప్పుడు జౌళ్లు వస్తాయి. మళ్లీ ఇక్కడ కావలసిన ‘మరొక రాశి’ ఆ కోణమే.

పట్టికలపని గారికి చివరగా ఒక సూచన. కిలోవాట్ గంటకు 860 కిలోకెలోరీలు అన్న గుండు అంకె ఇంజనీర్ల నోట తరచు వినిపిస్తుంది. నోటిలెక్కకు బాగానే ఉంటుంది గాని పట్టికలో వాడితే చమురు తుల్య టన్ను 11,630 బదులు 11,628 కిలోవాట్ గంటలు అవుతుంది. ప్రతి అంకెను దాని మూల ప్రమాణం నుంచి ఒకేసారి జౌల్‌లోకి తెచ్చి, దశాంశాల కుదింపు అంతా చివర్లో చేయండి.

#13 పట్టికలపని

అలాగే చేశాను. ప్రతి వరుసలో మూల అంకె, మూల ప్రమాణం, గుణకం, గిగాజౌళ్లు అని నాలుగు నిలువు వరుసలు పెట్టి, ఐదవదానిలో ‘ఊహ’ అని రాశాను. చాలా వరుసలలో అది ఖాళీగానే ఉంది. అనుబంధాన్ని మళ్లీ మొదటి నుంచి చదివితే, 38 శాతం దక్షత అన్న మాట చివరి పుటలో చిన్న అక్షరాలలో దొరికింది. దానిని ఆ వరుసలో ఎక్కించి, 344నే మొత్తంలో కలిపాను. వాయువు విషయం మాత్రం మిగిలే ఉంది. వాడిన కెలోరిఫిక్ విలువ ఏదో చెప్పమని మొదటి నివేదిక బృందానికి రాశాను, జవాబు వచ్చేవరకు 18,000ను ‘నికరం కావచ్చు’ అన్న గుర్తుతోనే ఉంచుతున్నాను.